లాల్‌దర్వాజా బోనాల్లో వందన రీతులు

హైదరాబాద్ పాతబస్తీ లాల్‌దర్వాజాలోని సింహవాహిని మహంకాళి ఆలయంలో బోనాల పండుగ సందర్భంగా భక్తులు పాటించే నమస్కార పద్ధతులను లాల్‌దర్వాజా వందన రీతులు అనవచ్చు. ఆషాఢ మాసంలో గోల్కొండ, సికింద్రాబాద్ బోనాల తరువాత ఇక్కడి ఉత్సవం జరుగుతుంది.

రీతులు: సాష్టాంగంలో రొమ్ము, శిరస్సు, చేతులు, మోకాళ్లు, పాదాలతో పాటు చూపు, మాట, మనసు కలిపి 8 అంగాలను లెక్కిస్తారు. స్త్రీలు సంప్రదాయంగా మోకాళ్లపై వంగి నుదురు నేలకు ఆనించి మొక్కుతారు. బోనం (అమ్మవారి నైవేద్యపు కుండ) ఎత్తుకున్న స్త్రీని అమ్మవారి రూపంగా భావించి, ఆమె పాదాలపై నీళ్లు పోసి, వంగి దండం పెడతారు. తలపై దీపంతో కూడిన కుండ ఉన్నందున ఆమె మాత్రం తల వంచదు.

చరిత్ర: 1908 సెప్టెంబరు 28న మూసీకి పెను వరద వచ్చినప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఈ అమ్మవారికి మొక్కి, నదికి పట్టుబట్టలు, ముత్యాలు సమర్పించినట్లు స్థానిక సంప్రదాయం చెబుతుంది. నిజాంల ఆసఫ్‌జాహీ దర్బారులోనూ వంగి సలాం చేసి నజరానా (కానుక) సమర్పించడం మర్యాదగా ఉండేది.

ప్రాముఖ్యం: 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఇక్కడ వందనం విగ్రహానికే పరిమితం కాక, బోనమెత్తిన సామాన్య స్త్రీకీ దక్కుతుంది.