చూపొకటి, కేకొకటి

మొన్న ఫిబ్రవరిలో పర్చూరు దగ్గర పల్లె నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "నాయనా, కెమెరా పలకడం మానేసింది. కల్లంలో ఇరవై క్వింటాళ్ల కాయ ఉంది. డాలస్‌లో మావాడికి నిద్ర పట్టట్లేదు, నువ్వోసారి రావాల" అంది. నాది చిలకలూరిపేట. పదిహేనేళ్లుగా ఈ చుట్టుపక్కల ఊళ్లలో కెమెరాలు బిగిస్తున్నాను. ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడల్లా మా నాన్న గుర్తొస్తాడు.

మా చిన్నతనంలో, 1980ల్లో, కోసిన మిరపకాయని రెండ్రోజులు కుప్పేసి మగ్గనిచ్చి, తర్వాత నేల మీద పలచగా పరిచి పది పదిహేను రోజులు ఎండబెట్టేవాళ్లు. పొద్దు వాలగానే మంచు తగలకుండా కుప్పచేసి పట్టా కప్పాలి. తెల్లారి మళ్లీ పరవాలి. ఏడాది కష్టమంతా ఆ పక్షం రోజులూ ఆకాశం కిందే ఉంటుంది. కుప్ప పక్కన నులక మంచం, గొంగళి, మూడు బ్యాటరీల టార్చి, మంచం కింద కుక్క. రాత్రి రెండు మూడుసార్లు నాన్న లేచి కూర్చుని "ఓయ్" అని కేకేసేవాడు. పక్క కల్లం నుంచి "ఆఁ" అని బదులొచ్చేది. దాని అవతలి కల్లం నుంచి ఇంకో "ఆఁ" సన్నగా వినబడేది. బదులు రాకపోతే చెప్పులేసుకుని వెళ్లి చూసొచ్చేవాడు. ఆయన పక్కన గొంగట్లో ముడుచుకుని ఆ కేకలు లెక్కపెట్టుకుంటూ నిద్రపోయేవాణ్ణి. కాపలాలో చూడటం ఒక పని, చూసింది ఇంకొకరి చెవిన వెయ్యడం ఇంకో పని అని నాకు అక్కడే తెలిసింది.

అంతకు ముందు తరాలవాళ్లు ఈ రెండు పనులూ మంచె మీద నుంచి చేశారు. నాలుగు గుంజలు పాతి పైన కట్టెలు పరిస్తే మంచె. ఎత్తు మీద కూర్చుంటే కన్ను దూరం పోతుంది, గొంతు కూడా దూరం పోతుంది. జొన్నచేలో పిట్టలకి వడిసెల, పందులకి డప్పు, మనిషికి కేక.

ఊరికైతే తలారి ఉండేవాడు. 1816లో మద్రాసు ప్రభుత్వం పదకొండో రెగ్యులేషన్ తెచ్చి గ్రామ పోలీసు పనిని ఊరి పెద్ద చేతికిచ్చింది. తలారుల్ని అతని కింద పెట్టింది. కొత్త మొహం కనబడితే మునసబుకి చెప్పడం, దొంగతనం జరిగితే అడుగుజాడ పట్టుకుని పోవడం తలారి పని. దానికి కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు అతనికి మేర ముట్టేది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థని రద్దు చేసేదాకా ఆ వరస ఏదో ఒక రూపంలో సాగింది.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ ప్రాంతంలో పొలాలకీ తోటలకీ కావలి కాసినవాళ్లలో యానాదులున్నారు, ఎరుకలవాళ్లున్నారు. చీకట్లో చూడటం, అలికిడి పట్టడం వాళ్లకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని మా తాత అనేవాడు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపేలా ఒక సెటిల్‌మెంటు పెట్టి, హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు మీద దాన్ని స్టువర్టుపురం అన్నారు. అందులో పెట్టిన ఎరుకల కుటుంబాలు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. తప్పు చేసినవాడికీ చెయ్యనివాడికీ ఒకటే లెక్క. కావలి కాసేవాళ్ల మీదే కావలి పెట్టారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది గానీ పేరుకంటిన మచ్చ అంత తేలిగ్గా పోలేదు. అందుకే నేను కెమెరా బిగించేటప్పుడు అది ఎటు చూస్తుందో చాలాసేపు ఆలోచిస్తాను. పరిచిన కాయని చూడాలి, గేటుని చూడాలి. కాయ ఏరడానికొచ్చిన ఆడకూలీలు వేపచెట్టు కింద అన్నం తినే చోటుని చూడకూడదు. ఆసామి అడిగినా సరే, అటు తిప్పను.

పేటలో, గుంటూరులో నేను ఎరిగిన రాత్రి కాపలా గూర్ఖాది. నేపాల్ నుంచి వచ్చినవాళ్లు కర్ర నేలకేసి కొడుతూ ఈల ఊదుకుంటూ వీధులు తిరిగేవాళ్లు. నెల మొదట్లో ఇంటింటికీ వచ్చి డబ్బులు తీసుకునేవాళ్లు. మెలకువగా ఉన్నానని ఊరికి చెప్పడానికి వాళ్లకి ఆ ఈల ఉండేది.

కెమెరాలు మాకు పెద్ద వ్యాపారంగా మారింది 2013 తర్వాత. ఆ ఏడు ఫిబ్రవరిలో హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో పేలుళ్లు జరిగాయి. అదే ఏడు ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఒకేసారి వందమంది గానీ, రోజుకి ఐదొందలమంది గానీ చేరే చోట్ల కెమెరాలుండాలనీ, ముప్ఫై రోజుల రికార్డు దాచాలనీ అందులో ఉంది. మాల్సు, ఆస్పత్రులు, కల్యాణ మండపాలు, వాటిని చూసి కమిషన్ కొట్లు, కోల్డ్ స్టోరేజీలు. అప్పుడన్నీ వైరు కెమెరాలే. గోడ వెంట నల్ల వైరు లాక్కెళ్లి డీవీఆర్‌కి తగిలిస్తే అయిపోయేది. వైరు ఎక్కడ ఎలుక కొరికిందో కంటికి కనబడేది.

వైరు లేకుండా గాలిలో పోయే కేకకి, అంటే వైఫైకి, మన దేశంలో దారి 2005 జనవరిలో తెరుచుకుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలని తక్కువ శక్తితో వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఇంట్లో రేడియోకి కూడా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన తరం మాది. నాన్న ఆ చిన్న పుస్తకాన్ని పట్టాదారు పాసుపుస్తకంతో కలిపి దాచేవాడు. 5 గిగాహెర్ట్జ్‌ని 2018లో ఆరుబయట కూడా ధారాళంగా వాడుకోనిచ్చారు. అంతకు ఏడాది ముందు, 2017 డిసెంబరులో, ఏపీ ఫైబర్‌నెట్‌ని రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అప్పట్లో నెలకి 149 రూపాయలు. ఫైబరుని నేలలో పూడ్చకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగారు కాబట్టే పల్లెలకి అంత త్వరగా అందింది. పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల నిఘా వ్యవస్థ) తెచ్చింది కూడా ఆ రోజుల్లోనే. ఊరెళ్తున్నామని యాప్‌లో చెబితే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా పెట్టి వెళ్తారు, లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూములో మోగుతుంది. నాన్న కేకకి నేను చూసిన వాటిలో దగ్గరి చుట్టం అదే.

స్తంభాల మీద వేలాడే ఫైబరుకి మా ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన గండం ఉంది. పత్తి లోడు. బోరాలు ఎత్తుగా కట్టిన లారీ సందు మలుపులో వైరుని తగిలించుకుని పోతుంది. ఇంట్లో ఇంటర్నెట్ పెట్టెకి ఎర్ర దీపం వెలిగిందంటే కెమెరాని ముట్టుకోవద్దు, ముందు వీధిలోకెళ్లి తలెత్తి చూడాలి.

పర్చూరు దగ్గర నుంచి ఫోన్ చేసినావిడ ఇంటికి వెళ్లేసరికి పెట్టెకి ఎర్ర దీపం లేదు. రేకుల షెడ్డు గుంజకున్న కెమెరాకి మాత్రం దీపం మినుకుమినుకుమంటోంది. మెమరీ కార్డు తీసి చూశాను. మూడు రాత్రుల బొమ్మలూ శుభ్రంగా ఉన్నాయి. పందికొక్కు పట్టా కింద దూరడం కూడా రికార్డయింది. అంటే చూపు చెడలేదు. నా ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి 2.4కి మార్చి కెమెరాని దానికి కలిపాను, రెండు నిమిషాల్లో పలికింది. కేక కూడా బాగానే ఉంది. వినాల్సిన చోటే ఏదో మారింది.

"ఇంట్లో ఏమన్నా కొత్తవి పెట్టారా అమ్మా?"

"కేబులబ్బాయి పాత డబ్బా తీసుకుపోయి కొత్తదిచ్చాడయ్యా. స్పీడెక్కువంట."

అదీ సంగతి. కొత్త పెట్టెకి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డు. కెమెరా మూడు రోజులుగా పాత పేరు పెట్టి పిలుస్తూనే ఉంది, ఆ పేరుగలది ఇంట్లో లేదు. డాలస్ నుంచి కొడుకు చెప్పినట్టు ఆవిడ మళ్లీ కలపబోయింది గానీ, కొత్త పెట్టె 2.4నీ 5నీ ఒకే పేరు కింద వదులుతోంది. ఆవిడ ఫోన్ 5 మీద ఉంది. ఇళ్లలో పెట్టుకునే కెమెరాలు చాలావాటికి 2.4 ఒక్కటే వినబడుతుంది. పైగా ఆ పెట్టెలో భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కదానికే పెట్టి ఉంది, ఈ కెమెరాకి డబ్ల్యూపీఏ2 దాకే తెలుసు. రెండు బ్యాండ్లకీ వేరువేరు పేర్లు పెట్టి, 2.4కి డబ్ల్యూపీఏ2 ఇచ్చి, ఫోన్‌ని దాని మీదికి తెచ్చి, క్యూఆర్ కోడ్ కెమెరాకి చూపించాను. కలిసింది. మళ్లీ పోయింది.

ఈసారి దోషం ఇంటిది. పెట్టెని పడగ్గదిలో ఇనప బీరువా వెనక మూలన పెట్టారు. రెండడుగుల మట్టిగోడ, దాని అవతల ఇనప రేకుల షెడ్డు. 2.4 తరంగం ఐదంగుళాల పొడవుంటుంది, 5ది రెండంగుళాల పైచిలుకు. పొడుగుది గోడల్ని కాస్త బాగా దాటుతుంది, ఇనుముని మాత్రం ఏదీ దాటలేదు. పెట్టెని వసారా కిటికీలోకి మార్చాం. కెమెరాని గుంజకి కల్లం వైపు తిప్పి, రేకు అంచు కింది నుంచి మూరెడు దించాను. ఆ తర్వాత తెగలేదు.

ఇంత చిన్న పనికి కొత్త కెమెరా అంటగట్టేవాళ్లు మాలో ఉన్నారు. నాకు అది చాలా బాధ. రైతు ఫోన్ చేసేది కాయ కల్లంలో ఉన్నప్పుడే, ఏది చెబితే అది కొనేస్తాడు. 2022లో క్వింటా ఇరవై వేలు దాటినప్పుడు కల్లాల దగ్గర ఎంత భయముండేదో నేను చూశాను. ఆ భయాన్ని అమ్ముకోకూడదు.

బయల్దేరేలోపు కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. పెట్టె మాత్రం ఆరిపోయింది, దాని ప్లగ్గు ఇన్వర్టరు లైన్లో లేదు. చీకటి పడగానే, సరిగ్గా కావాల్సిన వేళకే ఈ కాపలా నోరు మూసుకుంటుందన్నమాట. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో ఆ పూటకి కలిపాను. రెండు నిమిషాలకి పెట్టె లేచింది, దాని వెనకే కెమెరా.

గుంజ మీది కెమెరాలోంచి కొడుకు గొంతొచ్చింది. "అమ్మా, పట్టా కప్పావా? మంచు పడుతుందేమో."

ఆవిడ షెడ్డు వైపు తలెత్తి, పక్క కల్లానికి వినబడేంత గట్టిగా, "ఆఁ, కప్పాన్లేరా, పడుకో" అంది. వాడికక్కడ తెల్లవారుజాము.

మర్నాడు రూటరుకి పెట్టే చిన్న బ్యాటరీ ఒకటి పేట నుంచి తీసుకెళ్లి బిగించి వచ్చాను.