తాళం దారికే, ఇంటికి కాదు

మా బోనకల్ లాంటి ఊళ్ళలో పోస్టు కార్డంటే ప్లెయిన్ టెక్స్టే. ఎన్ని చేతులు మారితే అంతమంది చదువుకోవచ్చు. గుట్టు కావాలంటే నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్, అంచులకి జిగురు. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ అందరికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టాక మన ఐటీ వాళ్ళు చాలామంది ఇక బెంగ లేదనుకున్నారు. కీస్ ఫోన్లలోనే ఉంటాయి కాబట్టి దారిలో ఎవరూ చదవలేరు, నిజమే. (ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారో కంపెనీకి తెలుస్తుంది, అది వేరే సంగతి.)

మరి 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఏమైంది? గంజాయి తనిఖీలంటూ పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని వాట్సాప్ చాట్లు వెతికారు. లాక్ తీసి ఫోన్ చేతికిచ్చాక ఏ అల్గారిథమ్ మాత్రం ఏం చేస్తుంది? అక్కడ అడ్డుపడగలిగేది చట్టమొక్కటే.

ఆ చట్టం కథలో మన తెలుగాయన ఒకరున్నారు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు. ఖరక్ సింగ్ అనే యూపీ మనిషిని 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా హిస్టరీ షీట్ తెరిచారు. ఇంటిమీద రహస్యంగా నిఘా, అర్ధరాత్రి తలుపు కొట్టడం, ఎటు వెళ్తే అటు రిపోర్టు! ఆయన సుప్రీంకోర్టుకెక్కాడు. 1962 డిసెంబర్ 18న ఆరుగురు జడ్జీల్లో నలుగురు, రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదు గానీ ప్రైవసీ రాజ్యాంగం ఇచ్చిన హక్కేమీ కాదన్నారు. సుబ్బారావు గారు, ఆయనతోపాటు జస్టిస్ షా, ఒప్పుకోలేదు. ఆ మాట రాజ్యాంగంలో రాసి లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది ముఖ్యమైన భాగమే, కాబట్టి ఆ పోలీసు రూలు మొత్తం చెల్లదన్నారు. ఒంటిమీద చెయ్యి వెయ్యకపోయినా సరే, నిఘా కళ్ళ కింద తిరగడం స్వేచ్ఛగా తిరగడం కాదని కూడా అన్నారు. 1962లో ఈ మాట అనడం నాకైతే గొప్పగా అనిపిస్తుంది.

కానీ అది మైనారిటీ తీర్పు. దాదాపు 55 ఏళ్ళు పూర్తిగా మెర్జ్ కాని బ్రాంచ్ అన్నమాట :) 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు (మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్ గారు వాళ్ళలో ఒకరు) ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కేనన్నారు.

ఇక మామూలు ఫోన్ కాల్‌కి వాట్సాప్ తాళం కూడా లేదు, మధ్యలో ఆపరేటర్ దగ్గరే వినొచ్చు. అందుకే 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు, ట్యాపింగ్‌కి హోం సెక్రెటరీ ఆర్డర్ ఉండాలి, దాని గడువు రెండు నెలలే అంది. అయినా 2024 మార్చిలో తెలంగాణ ఎస్‌ఐబీలో పనిచేసిన డీఎస్పీ ఒకరిని అక్రమ ట్యాపింగ్, హార్డ్ డిస్కుల ధ్వంసం ఆరోపణల మీద అరెస్టు చేశారు. అన్నట్టు, రాష్ట్రంలో ఆ ఆర్డర్లు సరైనవో కావో చూసే రివ్యూ కమిటీలో ఉండేది చీఫ్ సెక్రెటరీ, లా సెక్రెటరీ లాంటి ప్రభుత్వ అధికారులే. జడ్జి ఒక్కరూ ఉండరు.