ఘరియాల్

ఘరియాల్ ఉత్తర భారతం, నేపాల్ నదుల్లో బతికే మొసలి. శాస్త్రీయ నామం గవియాలిస్ గాంజెటికస్. సన్నగా, పొడవుగా సాగిన మూతిని బట్టి దూరం నుంచే దీన్ని పోల్చుకోవచ్చు. ఒకప్పుడు సింధు, గంగ, బ్రహ్మపుత్ర, మహానది, ఇరావతి నదీ వ్యవస్థలన్నిటా ఉండేది. నోట చేపను కరచుకున్న ఘరియాల్ బొమ్మ సింధు నాగరికత ముద్రికల మీద కనిపిస్తుంది. ఇప్పుడు మిగిలినవాటిలో అధిక భాగం ఒక్క చంబల్ నదిలోనే ఉన్నాయి. గిర్వా, గండక్, సోన్, రామగంగ నదుల్లోనూ, నేపాల్‌లోని నారాయణి, రాప్తి, బబయి నదుల్లోనూ కొద్దికొద్దిగా ఉన్నాయి. 2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

దక్షిణాన దీని హద్దు మహానది. మన కృష్ణా గోదావరుల్లో కనిపించేది వేరే జాతి, మగ్గర్ అనే మంచినీటి మొసలి. తెలుగువారికి మొసలి అనగానే గజేంద్రుడి కాలు పట్టిన మకరి గుర్తొస్తుంది. ఘరియాల్‌కు అంత పట్టు లేదు. దాని దవడలు చేపకు తగ్గట్టు సన్నబడినవి. మనిషిని వేటాడి తినే జంతువు కాదది. అయినా మొసలి అన్న పేరు పడినందుకే ఎన్నో చోట్ల దెబ్బలు తిని చచ్చిపోయింది. ఇది దానికి జరిగిన అన్యాయం.

శరీరం, వేట

ఎదిగిన మగది అయిదారు మీటర్ల దాకా ఉంటుంది. ఆడది నాలుగు మీటర్లకు అటూ ఇటూ. నోట్లో నూరు దాటిన సూది పళ్లు పైవీ కిందవీ ఒకదాని సందులో ఒకటి ఇమిడి ఉంటాయి. నీటిలో కదలకుండా ఉండి, చేప దగ్గరికి రాగానే తలను పక్కకు విసురుతుంది. మూతి సన్నం కాబట్టి నీరు అడ్డుకోదు. దొరికిన చేపను తల ముందుకు వచ్చేలా తిప్పుకుని మింగుతుంది.

మొసళ్లన్నిటిలోనూ నీటికి ఇంతగా అతుక్కున్నది మరొకటి లేదు. మగ్గర్ చెరువు ఎండితే పొట్ట పైకెత్తి నడుచుకుంటూ ఇంకో చెరువు వెతుక్కుంటుంది. పెద్ద ఘరియాల్ అలా నడవలేదు. కాళ్లకు ఆ బలం లేదు. ఒడ్డున ఇసుక మీద పొట్టతో జరగడమే దాని నడక. అందుకే దానికి లోతైన మడుగులు, పారే నీరు, వాలుగా దిగే ఇసుక తిన్నెలు మూడూ ఒకేచోట కావాలి. ఇందులో ఏది పోయినా అది మరోచోటికి నడిచిపోలేదు.

మగదానికి పదేళ్లు దాటాక మూతి చివర కుండలాంటి బుడిపె పెరుగుతుంది. ఊపిరి దాని గుండా వచ్చేటప్పుడు బుసబుసలు పెద్దవై నది మీద దూరం వినిపిస్తాయి. ఆడవాటిని పిలవడానికీ, ఇతర మగవాటిని హెచ్చరించడానికీ అదే సాధనం. మొసలి జాతుల్లో ఆడ మగ తేడా పైకి ఇంత స్పష్టంగా తెలిసేది దీనిలోనే. ఈ బుడిపెలో మందు ఉందన్న మూఢనమ్మకంతో మగవాటిని చంపినవారూ ఉన్నారు.

సంతానం

చలికాలంలో జతకడతాయి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఆడవి రాత్రిపూట ఎత్తయిన ఇసుక తిన్నె ఎక్కి, వెనక కాళ్లతో అర మీటరు లోతు గుంట తవ్వి, ముప్ఫై నుంచి యాభై దాకా గుడ్లు పెట్టి కప్పేస్తాయి. ఒక్కో గుడ్డు నూట యాభై గ్రాములు దాటుతుంది. ఇంత పెద్ద గుడ్డు మరే మొసలీ పెట్టదు. చాలా ఆడవి ఒకే తిన్నె మీద, పక్కపక్కనే పెడతాయి. అంటే ఒక్క తిన్నె పోతే ఆ యేటి పంట మొత్తం పోయినట్టే. పిల్ల ఆడదో మగదో ఇసుక వేడి నిర్ణయిస్తుంది.

రెండు, రెండున్నర నెలలకు, వానలకు ముందు, పిల్లలు గుడ్డులో ఉండగానే అరుస్తాయి. తల్లి ఆ అరుపు విని ఇసుక తవ్వి వాటిని బయటికి తీస్తుంది. మూతి సన్నం, పళ్లు సూదులు కావడంతో తక్కిన మొసళ్లలా పిల్లల్ని నోట కరచుకుని తీసుకుపోలేదు. అవే నీటిలోకి పాకుతాయి. తర్వాత వందలాది పిల్లలు ఒకచోట గుంపు కడితే, ఒక పెద్ద మగది వాటికి కాపలా ఉంటుంది. కొన్ని దాని వీపు మీదికే ఎక్కి కూర్చుంటాయి. చంబల్‌లో ధృతిమాన్ ముఖర్జీ తీసిన అలాంటి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఇంత కాపలా ఉన్నా మొదటి వరదకే చాలా పిల్లలు కొట్టుకుపోతాయి.

క్షీణత, రక్షణ

1970ల మధ్య నాటికి దేశంలో ఇవి రెండు వందల లోపే మిగిలాయని అంచనా. చర్మం కోసం వేట, గుడ్ల దొంగతనం, చేపల వలలు, ఆనకట్టలు కలిసి ఆ స్థితి తెచ్చాయి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చి వేటను నిషేధించారు. 1975లో ఐక్యరాజ్య సమితి సంస్థల సాయంతో మొసళ్ల ప్రాజెక్టు మొదలైంది. నిపుణుడు హెచ్. ఆర్. బస్టర్డ్ సలహాతో ఒడిశాలోని టికర్‌పడాలో తొలి కేంద్రం పెట్టారు. గుడ్లు ఏరి, పొదిగించి, పిల్లల్ని మీటరు దాటేదాకా పెంచి నదిలో వదలడం పద్ధతి. సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదులో ఒక కేంద్ర సంస్థ నడిచింది. ఒడిశాలోనే ఉన్న నందన్‌కానన్ జూలో మగది లేకపోతే జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జూ నుంచి తెప్పించారు. 1980లో నందన్‌కానన్‌లో బందీగా ఉన్న ఘరియాళ్లు తొలిసారి పిల్లల్ని పెట్టాయి.

అంతకు రెండేళ్ల ముందు నుంచే రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ కలిసి చంబల్ అభయారణ్యాన్ని నోటిఫై చేయడం మొదలుపెట్టాయి. రంతిదేవుడి యాగపశువుల చర్మాల నుంచి పుట్టిందని మహాభారతం చెప్పే చర్మణ్వతి ఇదే. పాపపు నది అన్న నమ్మకం, లోయల్లో బందిపోట్ల భయం వల్ల కోటా దాటాక దీని ఒడ్డున పెద్ద ఊళ్లు, ఫ్యాక్టరీలు లేవలేదు. అందుకే నీరు శుభ్రంగా మిగిలింది.

ఆ శుభ్రత కూడా పూర్తి హామీ కాలేదు. 2007 డిసెంబరు నుంచి నాలుగు నెలల్లో చంబల్ కింది భాగంలో నూటికి పైగా ఘరియాళ్లు చనిపోయాయి. మూత్రపిండాలు చెడి శరీరమంతా యూరిక్ ఆమ్లం పేరుకుంది. కలుషితమైన యమున నుంచి వచ్చిన చేపల ద్వారా విషం చేరి ఉంటుందని పరిశోధకులు అనుమానించారు. ఆ తర్వాత మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ తరఫున జెఫ్రీ లాంగ్ బృందం రేడియో పరికరాలు అమర్చి చూస్తే, ఇవి వానాకాలంలో నది వెంట చాలా దూరం ప్రయాణిస్తాయని తేలింది. నాలుగు మైళ్ల నదిని కాపాడితే చాలదన్నమాట.

దశాబ్దాలుగా వేలాది పిల్లలను నదుల్లో వదిలారు. మహానదిలోనూ వందలు వదిలారు. బతికి బట్టకట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. హీరాకుడ్ ఆనకట్ట దిగువన ప్రవాహం మారింది, వలలు తగ్గలేదు, తిన్నెలు కరిగాయి. చివరికి 2021లో, దాదాపు నలభై ఏళ్ల తర్వాత, మహానది మీది సత్‌కోసియా లోయలో సహజంగా గుడ్లు పొదిగి పిల్లలు కనబడ్డాయి. చంబల్‌లో ఇటీవలి లెక్కల్లో రెండు వేలకు పైగా తేలాయి. ఈ ఫలితం చిన్నది కాదు.

కానీ చంబల్ ఇసుకకు ఇళ్ల నిర్మాణంలో గిరాకీ ఎక్కువ. నిషేధం ఉన్నా ట్రాక్టర్లు రాత్రిళ్లు తిన్నెల మీదికే దిగుతున్నాయి. వాటిని ఆపబోయిన అటవీ సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలూ ఉన్నాయి. ఎగువన నాలుగు కట్టడాలు, ఇంజన్లతో తోడడం కలిసి వేసవిలో నీటిని పిండేస్తాయి. నీరు తగ్గితే నడి ఏటి దిబ్బ ఒడ్డుకు కలిసిపోయి నక్కలు, కుక్కలు గుడ్ల దాకా వస్తాయి. ఒక్కసారిగా నీళ్లు వదిలితే గూళ్లు మునుగుతాయి. గుడ్లు పెట్టిన నాటి నుంచి పిల్లలు నీటిలో దిగేదాకా ఆ తిన్నెల మీద ఇసుక తవ్వకాన్ని ఆపడం, ఎగువ కట్టడాల నుంచి నిలకడగా ప్రవాహం వదలడం మూడు రాష్ట్రాల ప్రభుత్వాల చేతిలో ఉన్న పనులు. వాటిని చేయకుండా పెంపకం కేంద్రాల నుంచి ఎన్ని పిల్లలను తెచ్చి వదిలినా ఘరియాల్ నిలవదు.