కొవ్వు నానోకణాలు: మొటిమల చికిత్స

మొటిమల మందును చర్మంలోని రోమకూపాల దాకా చేర్చేందుకు కొవ్వుతో తయారుచేసే అతిసూక్ష్మ రేణువులు. పరిమాణం సాధారణంగా 50 నుంచి 1,000 నానోమీటర్లు.

నేపథ్యం

మొటిమ రోమకూపంలో, నూనె గ్రంథి దగ్గర మొదలవుతుంది. టెట్రాసైక్లిన్ల వంటి మింగే మందులు ఒళ్లంతా తిరిగి అక్కడికి చేరతాయి. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1940లలో లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్నాడు. పైపూత మందుల్లో ముఖ్యమైన ట్రెటినాయిన్‌కు 1971లో అమెరికా అనుమతి లభించింది. దానితో మొటిమలు తగ్గినా చర్మం ఎర్రబడి, మండి, పొట్టు లేచేది.

పరిణామం

ఈ ఇబ్బందిని తగ్గించే దారి లైపోసోములతో మొదలైంది. 1960ల తొలినాళ్లలో ఇంగ్లండులో అలెక్ బాంగమ్ అనే శాస్త్రవేత్త వీటిని గుర్తించాడు. ఇవి నీటిని లోపల ఇముడ్చుకున్న కొవ్వు బుడగలు. 1980లో మెజెయి, గులశేఖరం అనే పరిశోధకులు వీటితో చర్మంలోకి మందు పంపవచ్చని చూపారు. 1994 నాటి ఒక అధ్యయనంలో 0.01 శాతం ట్రెటినాయిన్ ఉన్న లైపోసోమ్ జెల్, 0.025, 0.05 శాతం మామూలు జెల్‌లతో సమానంగా పనిచేసింది, మంట తక్కువ. 2001లో బరోడా పరిశోధకులు ఇలాంటి జెల్‌ను మొటిమల రోగులపై పరీక్షించారు.

1990లలో ఘన కొవ్వు కణాలు వచ్చాయి. కొవ్వును కరిగించి, మందు కలిపి, వేడినీటిలో సన్నగా చిలికి చల్లారుస్తారు. అయితే పేరిన నెయ్యి పూసకట్టినట్టు, స్వచ్ఛమైన కొవ్వు క్రమంగా గట్టి స్ఫటికాలై మందును బయటికి నెట్టేస్తుంది. అందుకే ఆ దశాబ్దం చివర్లో ఘన కొవ్వులో కొంత ద్రవ నూనె కలిపారు. దాంతో స్ఫటికాల అమరిక చెదిరి, మందు లోపల నిలిచింది. ఈ రేణువులు చర్మంపై పల్చని పొరగా అంటుకుని తేమను ఆపుతాయి, రోమకూపాల్లో చేరి మందును కొద్దికొద్దిగా వదులుతాయి.

నిల్వలో రేణువులు గుంపుకట్టడం, పెద్ద ఎత్తున ఒకే పరిమాణంలో తయారుచేయడం ఇప్పటికీ సమస్యలే. అందువల్ల పరిశోధనలు ఎన్ని జరిగినా మందుల షాపుకు చేరినవి తక్కువ.

ఉత్తరాంధ్రలో

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో డాక్టర్ రెడ్డీస్, అరబిందో సంస్థల బల్క్ డ్రగ్ యూనిట్లు ఉన్నాయి. ఆ యూనిట్లలో తయారయ్యేది మూల ఔషధం. దాన్ని కొవ్వు రేణువుల్లోకి ఎక్కించడం ఆ తర్వాతి ఫార్ములేషన్ దశ. అది నేర్పే ఫార్మసీ విద్యకు ఈ ప్రాంతంలో తొలి పునాది విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. విజయనగరంలోని మహారాజా ఫార్మసీ కళాశాల వంటి చోట్ల చదివే బి.ఫార్మసీ విద్యార్థులకు ఏడో సెమిస్టరు ‘నావెల్ డ్రగ్ డెలివరీ సిస్టమ్స్’ పేపరులో లైపోసోములు, నానోకణాలు పాఠ్యాంశాలు.