గాజుపలకల నడుమ రాణివాసము

ఇంగ్లండు దేశమున కెంటు సీమలో, 1874 డిసెంబరు మాసమందు, రెండు గాజుపలకల నడుమ కాపురమునకు వచ్చిన యొక రాణిచీమ, 1888 ఆగస్టు వరకు ఆ పలకల నడుమనే జీవించి, దాదాపు పదునైదేండ్ల ప్రాయమున తనువు చాలించెను. ఈ చిన్న సంగతి నా కంటబడిన నాటినుండి నా మనస్సును విడువకున్నది. చీమ యనగా కాలిక్రింద పడి నలిగిపోవునదియు, బెల్లపుకుండలో కనబడి గృహిణికి విసుగు పుట్టించునదియు మాత్రమే యని తలచి, దాని కొక యాయుర్దాయము కలదా యని మన మెన్నడును విచారింపము. అట్టి ప్రాణి మన యింటి కుక్కలలో పెక్కింటికంటె నధికకాలము బ్రదికినది. చార్లెస్ డార్విన్ 1882లో కాలధర్మము నొంది వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీయందు సమాధిగతుడైన పిమ్మట కూడ ఆరేండ్లు బ్రదికినది. ఆ చీమను పోషించిన పెద్దమనిషి ఆనాడు డార్విన్ శవపేటికను మోసినవారిలో నొకడు.

ఆయన పేరు సర్ జాన్ లబ్బాక్. వంశపారంపర్యముగా వచ్చిన వృత్తి బ్యాంకు వ్యాపారము; 1870 నుండి పార్లమెంటు సభ్యుడు. ఇంగ్లండులోని గుమాస్తాలకును పనివారికిని సెలవుదినములను ప్రసాదించిన 1871 నాటి బ్యాంకు సెలవుల చట్టమును, ప్రాచీన నిర్మాణములను కాపాడుటకై 1882లో వెలసిన చట్టమును ఆయన పట్టుదలకు ఫలములు. మానవుడు రాతిపనిముట్లు వాడిన సుదీర్ఘకాలమును ప్రాచీన శిలాయుగమనియు, నవీన శిలాయుగమనియు 1865లో విభజించి నామకరణము చేసినవాడును ఆయనయే. ఇన్ని కార్యములు చేసిన మహానుభావుడు నాకు మాత్రము చీమలకు ఇల్లు కట్టినవాడుగానే ప్రియతముడు.

ఆయనకు ఎనిమిదేండ్ల ప్రాయమున తండ్రి ఒకనాడు గొప్ప శుభవార్త యొకటి కలదని చెప్పెనట. బాలుడు తనకొక పొట్టిగుర్రము లభింపనున్నదని యాశపడెను. తీరా చూడగా, డార్విన్ అను నాయన పొరుగుననున్న డౌన్ గ్రామమునకు కాపురము వచ్చుచున్నాడన్నదే యా వార్త. బాలుడు మిక్కిలి చిన్నబోయెను. ఆ పొరుగువాని సాహచర్యమే తన జీవితమునకు దారిచూపునని ఎనిమిదేండ్లవాని కెట్లు తెలియగలదు?

లబ్బాక్ కట్టిన చీమల గృహము అత్యంత సరళమైనది. పది అంగుళముల చదరపు కిటికీ గాజుపలకలు రెండు. వాని యంచుల వెంబడి సన్నని కొయ్యపుల్లలు. పలకల నడుమ ఎడము చీమ ఎత్తును బట్టి అంగుళములో పదవ వంతు మొదలు నాలుగవ వంతు వరకు. ఆ యెడములో మెత్తని తోటమన్ను. ఆ మంటిలో చీమలు తమ యిచ్చవచ్చినట్లు మార్గములను తొలుచుకొనును; ఎడము స్వల్పమగుటచే ఎచటను దాగుటకు వీలుండదు. గాజుపై కప్పిన మూత తీసినంతనే అంతఃపురమంతయు కన్నుల యెదుట నిలుచును. ఇట్టి గృహములను ఆయన ఒక కంబమునకు అంతస్తులుగా అమర్చి, చీమలు పారిపోకుండ దాని పాదమున నీటికందకము నేర్పరచెను. మట్టిపుట్టలో కోట్లాది సంవత్సరములుగా చీకటిలో జరుగుచున్న సంసారమును పగటి వెలుతురులో పరిశీలించుటకు ఇంతకంటె సులభమైన యుపాయము అంతకుముందు లేదు. అటుపిమ్మట వెలసిన గృహములలో పెక్కు దీనికి మెరుగులే.

ఆ పలకలముందు కూర్చుండి ఆయన చేసిన పరీక్షలను చదువుచుండిన కాలము తెలియదు. ఒక్కొక్క చీమ వీపుపై రంగుచుక్క పెట్టి, దాని దినచర్యను గంటలవారీగా వ్రాసికొనెడివాడు. చీమలకు శబ్దము వినబడునా యని వాని చెంత ఫిడేలు వాయించెను, కుక్కలను పిలుచు ఈలను ఊదెను. అవి తలయెత్తియైన చూడలేదు. ఒకే పుట్టలోని చీమలు ఒకదానినొకటి సంకేతపదముచే గుర్తించునా, మరి యే యుపాయమున గుర్తించునా యను సంశయము తీర్చుకొనుటకై కొన్నిటిని మద్యముచే మత్తిల్లజేసి పుట్ట చెంత విడిచెను. మత్తులోనున్న చీమ సంకేతము చెప్పజాలదు గదా! తెలివితోనున్న చీమలు ఆ యవస్థను చూచి మొదట తికమకపడి, పిమ్మట తమవారిని చాలవరకు ఇంటికి మోసికొనిపోయినవి. పరాయి పుట్టవారిని చాలవరకు నీటికందకములోనికి ఈడ్చివేసినవి.

వర్ణపరీక్ష వీనియన్నిటిలో శ్రేష్ఠము. గృహముపై రంగురంగుల గాజుముక్కలను పరచి చూడగా చీమలు ఊదారంగు క్రిందినుండి తొలగి ఎరుపు క్రిందికి చేరుచుండెను. మనకు చీకటిగా తోచు ఊదా వాటికి భరింపరాని వెలుగు, మనకు వెలుగైన ఎరుపు వాటికి చీకటి. అంతటితో ఆగక సూర్యకిరణమును వర్ణపటముగా విడదీసి గృహముపై ప్రసరింపజేయగా, ఊదాకు ఆవల మన కంటికేమియు కానరాని తావునుండి సైతము చీమలు తమ శిశువులను నోట కరచుకొని ఎరుపువైపునకు తరలించినవి. మానవ నేత్రమునకు అగోచరమైన అతినీలలోహిత కాంతిని కీటకము గ్రహింపగలదని లోకమునకు తెలిసినది ఈ పరీక్షలవలననే. నేడు చీమలను పెంచువారు గూటిపై ఎర్రని పారదర్శక పత్రమును కప్పి, చీమలకు చీకటిని తమకు వెలుతురును ఏకకాలమున సమకూర్చుకొనుచున్నారు. ఆ పత్రము వెనుక లబ్బాక్ ఉన్నాడని వారిలో నెందరు తలతురో!

మరియొక ముచ్చట చెప్పక ముందుకు సాగజాలను. పసుపుచీమల గూటిలో శరత్కాలమున నల్లని గ్రుడ్లు కొన్ని ఆయనకు కనబడినవి. అవి చీమగ్రుడ్లు కావు, పేనుబంకవి. చీమలు వానిని శీతకాలమంతయు తమ గ్రుడ్లవలెనే నాకుచు కాపాడి, వసంతమున పొదిగిన పిల్లలను వెలుపలికి గొనిపోయి డైసీ మొక్కల చిగుళ్లపై నుంచినవి. పాడికొరకు దూడను పెంచు రైతువలె, రాబోవు వేసవిలో పేనుబంక స్రవించు తేనెకొరకు చీమ ఆరు మాసములు ముందుగా జాగ్రత్తపడుచున్నదన్నమాట. ఈ వృత్తాంతములన్నిటిని లబ్బాక్ 1882లో చీమలు, తేనెటీగలు, కందిరీగలను గూర్చిన గ్రంథముగా వెలువరించెను. తీరికగల యొక గృహస్థుడు ఒక్క చీమనే పదునాలుగేండ్లు కనిపెట్టియుండుట ఇక సంభవింపదేమో. నేటి పరిశోధకుడు రెండు మూడేండ్ల విరాళముపై ఆధారపడినవాడు. అతని చీమ అతని యుద్యోగముకంటె దీర్ఘాయువు. ఆ యోపికను కోల్పోవుట శాస్త్రమునకు వాటిల్లిన నష్టములలో చిన్నది కాదని నా యభిప్రాయము.

లబ్బాక్‌కు పూర్వము చీమలను చేరదీసినవారు లేకపోలేదు. 304వ సంవత్సరము నాటిదిగా చెప్పబడు జీ హాన్ రచించిన చీనాగ్రంథమొకటి, దక్షిణదేశపు అంగళ్లలో సన్నని పట్టువంటి గూళ్లతో సహా చీమలను సంచులలో విక్రయించుచుండిరనియు, ఆ చీమలు లేనిచో నారింజపండ్లు పురుగుపట్టి పాడగుననియు చెప్పుచున్నది. ఆ చీమ మన మామిడితోటలలో ఆకులను పట్టుదారముతో కుట్టి గూడుకట్టు నెర్రచీమయే. మనవారికి దాని కాటు తెలియును. చీనా రైతులకు దాని కాపలా తెలియును.

అచటినుండి నేను పదునాలుగు శతాబ్దులు దాటి ఫ్రాన్సుకు పోవుదును. ఉష్ణమాపకమునకు తన పేర నొక కొలమానము నిచ్చిన రేయోమూర్ 1742-43 ప్రాంతమున చీమలను గాజుపాత్రలలో నుంచి పరిశీలించి, రెక్కల చీమలు వేరుజాతి కావనియు, అవి వధూవరులనియు గ్రహించి వ్రాసెను. కాని యా వ్రాతప్రతి అచ్చుకాక మూలబడెను. 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు విలియమ్ మోర్టన్ వీలర్ దానిని వెలికిదీసి ప్రకటించువరకు లోకము దాని నెరుగదు. నూట ఎనుబదేండ్లకు పైగా ఒక సత్యము కాగితములలో నిద్రించినది!

జెనీవాకు చెందిన పియర్ హ్యూబరు, తేనెటీగలను గూర్చి పరిశోధించిన అంధుడు ఫ్రాన్స్వా హ్యూబరునకు పుత్రుడు. ఇతరజాతి చీమల శిశువులను కొల్లగొట్టి తెచ్చి, అవి పెరిగిన పిమ్మట వానిచే దాస్యము చేయించుకొను ఎర్రచీమలను ఈయన 1804లో కనుగొనెను. అట్టివానిని ముప్పదింటిని, దాసిచీమ ఒక్కటియు లేకుండ, సమృద్ధిగా ఆహారమునుంచి పెట్టెలో బంధింపగా, అవి తమ నోటికి తాము తిండి పెట్టుకొనలేక పెక్కు ఆకలిచే మరణించెను. అపుడు హ్యూబరు ఒక్క దాసిచీమను లోనికి విడిచెను. అది వెంటనే పనికి పూనుకొని, మిగిలినవానికి తిండిపెట్టి, గదులు కట్టి, శిశువులను సాకి, ఇల్లు నిలిపెను. డార్విన్ తన మహాగ్రంథమున దీనిని స్మరించెను. 1810లో వెలువడిన హ్యూబరు పుస్తకమును బాల్యముననే చదివి చీమల మోహమున పడిన స్విట్జర్లాండువాడు ఆగస్టు ఫోరెల్, వృత్తిచే మానసికవైద్యుడు. ఆ దేశపు వేయి ఫ్రాంకుల నోటుపై ఒకవైపు ఆయన ముఖమును, మరియొకవైపు చీమలను అచ్చొత్తించిరి. చీమకు ఇంతటి రాజగౌరవము మరియెక్కడను నేనెరుగను.

ఫ్రాన్సులోని బోవే పట్టణమున బ్రష్షుల కర్మాగారములో ఇంజనీరుగానుండిన షార్ల్ జానే, మంటికి బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దిమ్మెలో గదులు మలచి, ఒక కొనను నీటిగుంట యుంచెను. నీరు దిమ్మెలోనికి ఇంకి, ఒక గది తడిగను, దాని తరువాతిది చెమ్మగను, చివరిది పొడిగను ఉండును. గ్రుడ్ల కేది తగునో, కోశస్థ శిశువుల కేది తగునో చీమలే నిర్ణయించుకొనును. చీమకు ఎంపిక నొసగిన మొదటి గృహస్థుడని ఆయనను ప్రశంసింపవలెను. రసాయన మూలకముల పట్టికను నూతనరీతిని కూర్చిన జానే ఈయనయే. సముద్రమునకు ఆవల ఆడెల్ ఫీల్డు అను విదుషి, చీనాలోని స్వాటౌలో క్రైస్తవ ప్రచారకురాలుగా నుండి అచటి మాండలికమునకు నిఘంటువు కూర్చి, అరువదేండ్లు దాటిన పిమ్మట అమెరికాలోని వుడ్స్ హోల్ పరిశోధనశాలలో చీమలను చేపట్టెను. గాజుతో కట్టి, ఒక గదిని చీకటిగను తడి స్పాంజితోను, మరియొకదానిని వెలుతురుగను ఉంచి, చేత పట్టుకొని ప్రయాణము చేయుటకు వీలైన చీమలయిల్లు ఆమె కల్పన.

తరువాతి కథ నాకంత సంతోషకరము కాదు. 1956లో కాలిఫోర్నియాలో మిల్టన్ లెవీన్ అను వర్తకుడు తన బావమరదితో కూడి, రెండు ప్లాస్టిక్ పలకల నడుమ ఇసుక పోసి, దానిని 1 డాలరు 98 సెంట్లకు బాలల ఆటవస్తువుగా విక్రయింప నారంభించెను. రెండు కోట్లకు పైగా అమ్ముడైనవి. ఎందరో బాలలు చీమల సొరంగములను దానియందే మొదట చూచిరి. ఆ పుణ్యము దానికి చెల్లవలసినదే. కాని అందులో రాణి లేదు. రాణిచీమలను ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పంపుట అచటి శాసనములకు విరుద్ధమగుటచే, తపాలాలో కూలిచీమలు మాత్రమే వచ్చెడివి. అవి కొన్ని వారములో మాసములో సొరంగములు త్రవ్వి చనిపోయెడివి. గ్రుడ్డు లేదు, శిశువు లేదు, రేపు లేదు. లబ్బాక్ పలకల నడుమ పెరిగిన సంసారము ఇందు అంత్యదశ మాత్రమై మిగిలినది. చీమలను పెంచుటలోని సారమంతయు వృద్ధిలోనే కలదు. అది లేని గాజుపెట్టె అలంకారమే.

ఆ సారమును మరల సంపాదించి యిచ్చినది మిక్కిలి సామాన్యమైన పరీక్షనాళిక. అడుగున నీరు, నీటిని ఆపుచు దూది, మిగిలిన తావున రాణి, మూతికి మరియొక దూది. గాలిలో వివాహమాడి నేలకు దిగిన రాణి తన రెక్కలను తానే రాల్చుకొని, ఇక పనిలేని రెక్కకండరములను శరీరములోనే కరగించుకొని, పెక్కు జాతులలో ఆహారమే ముట్టక తొలికాన్పును సాకును. మొదటి కూలిచీమలు సన్నగా, పొట్టిగా నుండును. అవి తేనెచుక్కను త్రాగి, చంపియిచ్చిన చిన్నపురుగును ముక్కలుచేసి శిశువులకు పెట్టినంతనే రాణికి బయటి చింత తీరును. ఒక్కనాటి సంగమమున గర్భమందు దాచుకొన్న వీర్యము ఆమెకు జీవితాంతము చాలును; ఆ జీవితము ఎంతటిదనగా, నల్లతోటచీమల రాణియొకతె పెంపకములో ఇరువదియెనిమిదేండ్లకు పైగా బ్రదికినట్లు లేఖనము కలదు. సంతానము నాళికను నింపినపుడే పెద్దయిల్లు చూపవలెను. ఆతురపడి ముందుగా విశాలభవనము నిచ్చినచో మిగులుగదులు చెత్తకుప్పలై బూజు పట్టును.

ఈ వినోదమునకును దురాశ పట్టినది. 2025 ఏప్రిలులో కెన్యాదేశమున ఇద్దరు బెల్జియము యువకులు సుమారు అయిదువేల రాణిచీమలను దూదికుక్కిన నాళికలలో దాచి దొరకిరి. మే నెలలో న్యాయస్థానము వారికి పదేసి లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా విధించెను. ఆ రాణులు తరలిపోయిన నేలలో అన్ని పుట్టలు పుట్టకపోవును. అవి తప్పించుకొనిన పరదేశమున ఏమి చేయునో చెప్పజాలము. చీమలను ప్రేమించువాడు చేయదగిన పని కాదిది.

మనకు పరదేశపు రాణితో పనియేమి? నెల్లూరులో సివిల్ సర్జనుగానుండి, యానాదుల నడిగి పక్షుల సంగతులు తెలిసికొనిన టి.సి. జెర్డన్, దక్షిణభారతపు చీమల పట్టికను 1851లోనే మద్రాసు పత్రికలో ప్రకటించెను. అందాయన పేరుపెట్టిన గెంతుచీమ నేడు ప్రపంచ పరిశోధనశాలలలో పెరుగుచున్నది. రాణి పోయినపుడు దాని కూలిచీమలే మీసములతో పోరాడి గ్రుడ్లు పెట్టు పదవి నొందును, వాని మెదడులో నాలుగవ వంతు వరకు కుంచించుకొనిపోవును, పదవి పోయినచో మరల పెరుగును. ఇంతటి వింతలు మన నేలలోనే కలవు.

కావున పాఠకులారా, తొలకరి వానలు పడిన సాయంకాలము దీపముచెంత రెక్కలపురుగులు వ్రాలినపుడు శ్రద్ధగా చూడుడు. నాలుగు రెక్కలును సమానముగా నుండి నడుము లావుగా నున్నది ఉసిలి, అనగా చెదజాతి. ముందురెక్కలు పెద్దవై, నడుము సన్నమై, మీసము మోచేతివలె వంగియున్నది చీమ. రెక్కలు రాల్చుకొని ఒంటరిగా నేలపై తిరుగుచున్న రాణి దొరకినచో ఒక్కదానిని మాత్రమే నాళికలోనికి తీసికొని, చీకటి అలమారలో నుంచి, మాటిమాటికి తీసి చూడక యోపిక పట్టుడు. పోషించుటకు వీలుపడనిచో ఆమెను దొరకిన చోటనే విడిచిపెట్టుడు.