పీతల ఉడుకు: లూసియానా కేజన్ల పేద వంట

మీలో చాలామంది ఫోనులో ఈ దృశ్యం చూసే ఉంటారు. బల్ల మీద కాగితం పరుస్తారు. ఎర్రగా ఉడికిన పీతలు, రొయ్యలు, మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు దాని మీద కుప్పగా పోస్తారు. చుట్టూ చేరినవాళ్ళు పళ్ళేలు లేకుండా చేతులతోనే తింటారు. దీన్ని 'కేజన్ బాయిల్' అంటారు. పీతలు ముఖ్యమైతే 'క్రాబ్ బాయిల్', అంటే పీతల ఉడుకు. రెస్టారెంట్లలో దీని ధర చూస్తే ఇది కలిగినవాళ్ళ విందు అనిపిస్తుంది. ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్నది అందుకు వ్యతిరేకమైన మాట. ఈ వంట చేతిలో రొక్కం ఆడని కుటుంబాల పెరట్లో పెరిగింది. తక్కువ ఖర్చుతో ఇంట్లో వండుకోవడమే దాని అసలు రూపం. రెస్టారెంటు రూపం చాలా తరవాత వచ్చింది.

యుద్ధాలు, సంధులు అన్నీ ముగిశాక చివరి పేజీలో 'ఆహారపు అలవాట్లు' అని ఒక పేరా రాయడం మన పాఠ్యగ్రంథాల అలవాటు. నేనూ చాలా ఏళ్ళు అలాగే బోధించాను. ఇక్కడ మాత్రం సంధులను వంటపాత్ర వైపు నుంచి చూద్దాం.

కేజన్లు ఎవరు?

ఫ్రెంచివారు 1604లో ఇప్పటి కెనడా తూర్పు తీరాన అకాడియా అనే వలసకు పునాది వేశారు. తరవాత అక్కడ స్థిరపడిన రైతు కుటుంబాలు ఆటుపోట్లు తాకే చిత్తడి నేలలకు మట్టికట్టలు కట్టి సాగులోకి తెచ్చాయి. 1713 నాటి ఉట్రెక్ట్ సంధితో ఆ భూభాగంలో ప్రధాన భాగం బ్రిటన్ చేతికి వెళ్ళింది. బ్రిటిష్ రాజుకు బేషరతుగా విధేయతా ప్రమాణం చేయమంటే అకాడియన్లు ఒప్పుకోలేదు. అలా చేస్తే రేపు ఫ్రెంచివారి మీదే ఆయుధం పట్టవలసి వస్తుందని వారి భయం. 1755లో చార్లెస్ లారెన్స్ పాలనలో వారిని వెళ్ళగొట్టడం మొదలైంది. ఇళ్ళు తగలబెట్టారు. కుటుంబాలను ఓడలెక్కించి దూరపు బ్రిటిష్ వలసలకు చెదరగొట్టారు. తరవాతి ఏళ్ళలో వ్యాధులవల్ల, ఓడలు మునగడంవల్ల వేలమంది చనిపోయారు.

మిగిలినవారిలో కొందరు దక్షిణాన లూసియానాకు చేరారు. 1765లో జోసెఫ్ బ్రూసార్ వెంట దాదాపు 200 మంది వచ్చారు. 1785లో ఫ్రాన్సు నుంచి ఏడు ఓడల్లో సుమారు 1,600 మంది వచ్చారు. ఒక విచిత్రం గమనించండి. ఫ్రెంచి మాట్లాడేవారి నేల అనుకుని వచ్చిన లూసియానా అప్పటికే, 1762లో, స్పెయిన్‌కు దక్కింది. 'అకాడియన్' అనే మాట వాడుకలో 'కాడియన్' అయి, ఇంగ్లీషువారి నోట 'కేజన్' అయింది.

వారు వదలి వచ్చింది చలి సముద్రపు తీరం. చేరింది ఉక్క, దోమలు, మందంగా పారే బాయూలు అనే కాలువల నేల. ఇక్కడ ఎలా బతకాలో వారికి నేర్పినవారు ఉన్నారు. చిటిమాచా, హూమా మొదలైన మూలవాసులు ముందునుంచీ ఆ నీళ్ళలో జీవించేవారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లకు వరి, బెండ వంటి పంటలూ వంటలూ తెలుసు. అంతకుముందే వచ్చిన జర్మన్ రైతులకు సాసేజ్ చేయడం తెలుసు. 1778 తరవాత కానరీ దీవుల నుంచి వచ్చినవారు చేపల వేటలో స్థిరపడ్డారు. అందుచేత 'కేజన్ వంట' అన్నప్పుడు ఒకే జాతి వంట అని రాయకండి. పరీక్షలో మార్కులు పోతాయనే కాదు, అది నిజమూ కాదు.

తాడు, కోడి మెడ, చేతివల

గల్ఫ్ తీరపు ఉప్పు, మంచినీళ్ళు కలిసే చోట్ల దొరికేది నీలి పీత. దాని కాళ్ళలో నీలిరంగు ఉంటుంది, ఉడికితే ఎర్రబడుతుంది. దాన్ని పట్టడానికి పడవ అక్కరలేదు. తాడు కొసన కోడి మెడ కట్టి నీళ్ళలో వేస్తారు. తాడు కదిలితే మెల్లగా పైకి లాగుతారు. పీత ఎరను పట్టుకుని పైదాకా వస్తుంది. నీటి అంచుకు రాగానే కింద చేతివల పెడతారు. న్యూ ఓర్లీన్స్ పక్కనున్న పొన్‌చార్‌ట్రెయిన్ సరస్సు గట్టున కుటుంబాలు ఇలా కూర్చుని పీతలు పట్టడం వారాంతపు కాలక్షేపం, రాత్రి భోజనం కూడా. కోడి మెడ కసాయివాడు పారేసేదే. నీళ్ళు ఎవరి సొంతమూ కావు. ఖర్చు అంటూ ఉంటే ఉప్పుకు, కారానికి, వంటచెరకుకు.

మరి ఇంతమంది కలిసి ఎందుకు తినేవారు? దీనికి ఆప్యాయత ఒక్కటే కారణం అనుకుంటే చరిత్ర విద్యార్థిగా మీరు సగందూరంలోనే ఆగినట్టు. చచ్చిన పీత త్వరగా పాడవుతుంది. ఐసు లేని రోజుల్లో దాన్ని దూరపు సంతకు తీసుకెళ్ళి అమ్మడం కష్టం. దాచుకోవడమూ కుదరదు. ఎక్కువ దొరికిన రోజున ఇరుగుపొరుగును పిలవడమే తెలివైన పని. పైగా కేజన్లు కాథలిక్కులు. శుక్రవారాల్లో, ఈస్టరు ముందరి ఉపవాస దినాల్లో ఆ రోజుల్లో వారికి మాంసం నిషిద్ధంగా ఉండేది, నీటిజీవాలు కావు. పెద్ద పాత్ర పెరట్లోకి రావడానికి, అదీ తరచుగా శుక్రవారం నాడు రావడానికి ఇవన్నీ కలిశాయి.

తరవాత వేట వ్యాపారమైంది. వర్జీనియాకు చెందిన బెంజమిన్ లూయిస్ 1928లో పీతలు పట్టే తీగబోనుకు పేటెంటు పొందాడు. తరవాతి దశాబ్దాల్లో అలాంటి బోనులు గల్ఫ్ తీరమంతా పాకాయి. ఒక మనిషి పడవలో తిరుగుతూ వందల బోనులు చూసుకోగలిగాడు. ఐసు, లారీలు తోడయ్యాయి. పట్టుకుని తినే పీత, కొనుక్కుని తినే పీత అయింది. ధర కథ నిజానికి ఇక్కడే మలుపు తిరిగింది.

మసాలా మూట

లూసియానాలోని ఎవరీ ఐలాండ్‌లో 1862లో రాతి ఉప్పు గని బయటపడింది. అంతర్యుద్ధ కాలంలో ఉప్పు కొరతతో అల్లాడుతున్న దక్షిణాది రాష్ట్రాలకు అది పెద్ద ఆసరా. అదే చోట ఎడ్మండ్ మెకిల్‌హెనీ 1868లో టబాస్కో మిరప సాస్ అమ్మకం మొదలుపెట్టాడు. ఇక న్యూ ఓర్లీన్స్‌లో 1889లో మొదలైన జటరాన్స్ కంపెనీ పేరు క్రాబ్ బాయిల్ మసాలాకు మారుపేరైంది. పలుచని మూటలో కట్టిన ఆ మసాలాలో ఉండేవి ఆవాలు, ధనియాలు, ఎండుమిరప, బే ఆకు, సోయికూర గింజలు, ఆల్‌స్పైస్. చివరి రెండూ, బే ఆకూ తప్పిస్తే మిగిలినవి మన పోపుల పెట్టెలో ఉన్నవే. దీన్ని చూసి 'మన వంటే అక్కడికి వెళ్ళింది' అని మురిసిపోవద్దు. మిరప అమెరికా ఖండాల మొక్క. మనకూ అటునుంచే, పోర్చుగీసు వర్తకంతో వచ్చింది.

అవమానం నుంచి బ్రాండు దాకా

1921 లూసియానా రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషు బోధననే విధించింది. ఫ్రెంచి మాట్లాడిన పిల్లలకు శిక్షలు పడేవి. 'కేజన్' అన్న మాట తిట్టులా వాడిన రోజులవి. 1968లో ఫ్రెంచి భాషను కాపాడడానికి రాష్ట్ర ప్రభుత్వమే ఒక సంస్థను ఏర్పాటు చేసింది. అదే కేజన్ పేరును 1980ల్లో దేశమంతా భోజనప్రియులు డబ్బిచ్చి కొన్నారు. న్యూ ఓర్లీన్స్‌లో 1979లో రెస్టారెంటు తెరిచిన పాల్ ప్రుడోమ్ అందుకు ముఖ్య కారకుడు. పిల్లలు బడిలో దాచుకున్న గుర్తింపు భోజనశాల బోర్డు మీదికి ఎక్కడానికి అరవై ఏళ్ళు పట్టింది.

1975లో వియత్నాం యుద్ధం ముగిశాక వేలాది శరణార్థులు గల్ఫ్ తీరానికి వచ్చి రొయ్యల, పీతల వేటలో దిగారు. స్థానికులతో ఘర్షణలు తప్పలేదు. 1979లో టెక్సస్‌లోని సీడ్రిఫ్ట్ ఊళ్ళో పీతల బోనుల తగాదాలో ఒక స్థానిక వేటగాడు చనిపోయాడు. తరవాత వియత్నామీయుల పడవలు తగలబడ్డాయి. 1981లో వియత్నామీ మత్స్యకారులు కూ క్లక్స్ క్లాన్ మీద ఫెడరల్ కోర్టుకెక్కి, బెదిరింపులు ఆపాలన్న ఉత్తర్వు సాధించారు. ఉడికిన క్రాఫిష్‌ను, పీతలను వెల్లుల్లి వెన్నలో ముంచి తీసే పద్ధతి వియత్నామీ అమెరికన్ల చేర్పు. మీరు ఫోనులో చూసే సంచి, నిగనిగలాడే సాస్ ఈ శాఖవే. లూసియానా పెరట్లో సాస్ పోయరు. రుచి అంతా నీళ్ళలోనే ఉండాలి.

ఖరీదైన బల్ల మీద కనిపించే పొడవాటి పీత కాళ్ళు చాలాచోట్ల గల్ఫ్ నీలి పీతవి కావు, ఉత్తరాది చలి సముద్రాల స్నో క్రాబ్‌వి. పక్కనున్న రొయ్య మన భీమవరం వైపు చెరువుది కూడా కావచ్చు. అమెరికా కొనే రొయ్యల్లో భారతదేశానిది పెద్ద వాటా, అందులో ఆంధ్రప్రదేశ్‌ది ముఖ్యభాగం. చౌక దిగుమతులతో బతకలేకపోతున్నామని లూసియానా వేటగాళ్ళ గోడు. సుంకం పెరిగితే మునిగిపోతామని మన చెరువు రైతుల గోడు. రెండూ నిజమే. మన రైతు తరఫున మాత్రమే ఈ చరిత్ర రాయమంటే నేను రాయలేను.

ఇంట్లో ఎలా?

మా ఇంట్లో మొదటిసారి వండినప్పుడు పులుసుకు వేసినంతే ఉప్పు వేశాను. పీత చప్పగా ఉండిపోయింది. గుల్లలోపలికి రుచి వెళ్ళాలంటే నీళ్ళు సముద్రంలా ఉప్పగా ఉండాలి. కిలో పీతలకు నాలుగు లీటర్ల నీళ్ళు, 100 గ్రాములకు తగ్గని ఉప్పు తీసుకోండి. సైజుకు తగ్గ బరువున్న, ప్రాణంతో ఉన్న పీతలనే కొనండి. ఆవాలు, ధనియాలు, దంచిన ఎండుమిరప, లవంగాలు, బిర్యానీ ఆకు గుడ్డలో మూట కట్టి నీళ్ళలో వేయండి. అడ్డంగా కోసిన వెల్లుల్లి పాయ, ఉల్లిపాయలు, రెండు నిమ్మకాయలు చేర్చండి. నీళ్ళు పది నిమిషాలు మరిగాక దుంపలు వేయండి. దుంపలు సగం ఉడికాక మొక్కజొన్న, శుభ్రం చేసిన పీతలు వేయండి. మళ్ళీ మరిగిన తరవాత పది నిమిషాలు చాలు. అప్పుడు పొయ్యి ఆపి, మూత పెట్టి, ఇరవై నిమిషాలు ఆ నీళ్ళలోనే నాననివ్వండి. తొందరపడితే పోయేది ఇక్కడే. అచ్చు కాగితం మీద కన్నా అరిటాకు మీద పోసుకోవడం మేలు. ముందు ఒక దుంప విరిచి చూడండి. ఉప్పు, కారం దాని నడిమికి దిగితే పీతలోకీ దిగినట్టే.