బాయిలర్లలో సున్నప్పొర తొలగింపు (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతం)

నీటిని మరిగించే పాత్రలకూ గొట్టాలకూ లోపలి వైపు ఖనిజ లవణాలు గట్టిగా పట్టి ఏర్పడే పెచ్చును సున్నప్పొర అంటారు. కార్మికుల వాడుకలో ఇది ‘స్కేల్’. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి కాల్షియం కార్బనేటుగా మారి గోడలకు అంటుకుంటుంది. కాల్షియం సల్ఫేటు మాత్రం వేడి పెరిగిన కొద్దీ తక్కువగా కరుగుతుంది కాబట్టి, మంట బాగా తగిలే చోటే ముందు పేరుకుంటుంది. ఈ పొర ఉక్కుకన్నా ఎన్నో రెట్లు తక్కువగా వేడిని దాటనిస్తుంది. ఫలితంగా ఇంధనం వృథా అవుతుంది, గొట్టం అతిగా వేడెక్కి ఉబ్బుతుంది, చివరికి పగులుతుంది.

జనగామ, మహబూబాబాద్ జిల్లాల్లో ఎక్కువ భాగం గ్రానైటు నేల. బోరు నీరు చాలాచోట్ల కఠినంగా ఉంటుంది. ఆవిరి యంత్రాలు రాకముందు శతాబ్దాల పాటు ఈ సమస్య ఇళ్ళలోని రాగి కాగులకే పరిమితం. చింతపండులోని ఆమ్లం ఆ పొరను కరిగించేది.

రైలు యుగం

నిజాం స్టేట్ రైల్వే 1874లో వాడి నుంచి సికింద్రాబాదు వరకు మొదలైంది. 1886లో జనగామ మీదుగా వరంగల్ చేరింది. 1889లో మానుకోట (మహబూబాబాద్), డోర్నకల్ దాటి బెజవాడను (విజయవాడను) తాకింది. ఇల్లెందు ప్రాంతంలోని బొగ్గును భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1870ల తొలినాళ్ళలో గుర్తించాడు. ఆ బొగ్గు రవాణాకు డోర్నకల్ కూడలి అయింది. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తవడంతో ఉత్తర, దక్షిణాల మధ్య రాకపోకలు పెరిగాయి, ఇంజన్లకు నీటి అవసరమూ పెరిగింది.

దారి పొడవునా స్టేషన్లలో పట్టిన నీరే ఇంజన్ బాయిలర్‌లో మరిగేది. ఆవిరి పోయేది, లవణాలు లోపలే మిగిలేవి. అందుకే ఇంజన్ షెడ్లలో బాయిలర్‌ను లోపల కడిగే ‘వాష్‌అవుట్’ అనివార్యమైంది. ముందు ఇంజన్‌ను నెమ్మదిగా చల్లార్చేవారు. వేడి లోహంపై చన్నీళ్ళు పడితే పలకలు చీలే ప్రమాదం ఉంది. తర్వాత అడుగున ఉన్న ప్లగ్గులు విప్పి బురద వదిలి, పొడవాటి ఇనుప కడ్డీలతో ఫైర్‌బాక్సు (మంట గది) చుట్టూ ఉన్న ఇరుకు సందులను గీకి, ఒత్తిడితో నీళ్ళు కొట్టేవారు. గొట్టాలకు పట్టిన గట్టి పెచ్చు దీనితో పూర్తిగా పోదు. దానికోసం 1893లో స్థాపించిన లాలాగూడ వర్క్‌షాపు వంటి చోట్ల గొట్టాలనే ఊడదీసేవారు. వేసవిలోనూ ఆవిరి, మసి, సున్నపు బురద నడుమ చేసిన ఆ పని రైల్వే చరిత్రలో దక్కాల్సినంత గౌరవం పొందలేదు. నీటిలో సోడా యాష్ కలిపితే లవణాలు గోడకు అంటకుండా మెత్తని బురదగా దిగుతాయి. ఇలాంటి శుద్ధి పద్ధతులు వాష్‌అవుట్ల మధ్య గడువును పెంచాయి. 1970లో చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారం తన చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజన్‌ను తయారు చేసింది. తర్వాతి దశాబ్దాల్లో ఆవిరి బండ్లు క్రమంగా కనుమరుగయ్యాయి.

మిల్లులు, విద్యుత్తు

ఆ తర్వాత బాయిలర్ రైస్ మిల్లుల్లో నిలిచింది. ఉప్పుడు బియ్యానికి ధాన్యాన్ని నానబెట్టి ఆవిరి పట్టాలి, ఆ ఆవిరి ఊకతో మండే బాయిలర్ల నుంచే వస్తుంది. బోరు నీరు వాడే మిల్లులో నీటిని మెత్తపరిచే యంత్రం లేకపోతే పొర త్వరగా పేరుకుంటుంది. ఆ యంత్రంలోని రెసిన్ గుళికలు కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియాన్ని వదులుతాయి, ఉప్పునీటితో కడిగితే మళ్ళీ పనికొస్తాయి.

భూపాలపల్లి దగ్గరి చెల్పూరులో ఉన్న కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్ 2010లో, 600 మెగావాట్లది 2016లో ఉత్పత్తి ప్రారంభించాయి. ఇలాంటి పెద్ద బాయిలర్ల అధిక ఒత్తిడిలో నీటి కఠినత్వం కొంచెమైనా చెల్లదు కాబట్టి, గోదావరి నీటి నుంచి లవణాలు, సిలికా పూర్తిగా తీసేశాకే బాయిలర్‌కు పంపుతారు. పొర తీయడంకన్నా రానివ్వకపోవడమే మేలన్న సూత్రం ఇక్కడ పరిణతి చెందిన రూపంలో కనిపిస్తుంది.

తొలగింపు, చట్టం

కార్బనేటు పొరను కరిగించడానికి లోహాన్ని కాపాడే నిరోధకం కలిపిన పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సల్ఫామిక్ ఆమ్లం లేదా సిట్రిక్ ఆమ్లం వాడతారు. స్టెయిన్‌లెస్ స్టీల్‌కు హైడ్రోక్లోరిక్ పనికిరాదు. ఆమ్లం లోహంతో కలిస్తే హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గర్లో నిప్పు ఉండకూడదు. చివర్లో సోడాతో తటస్థం చేసి బాగా కడగాలి.

1923 బాయిలర్ల చట్టం నిర్ణీత కాలానికి తనిఖీ, ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. తనిఖీకి బాయిలర్‌ను ఖాళీ చేసి, శుభ్రపరచి చూపాలి. కాబట్టి పొర తీయడం మిల్లు యజమాని ఇష్టానికి వదిలేసిన పనిగా మిగలలేదు. 2025లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. నీటిని 100 డిగ్రీల సెల్సియస్ లోపే వేడి చేసే హోటళ్ళ, హాస్టళ్ళ గీజర్లు ఈ తనిఖీ పరిధిలోకి రావు. వాటి శుభ్రత యజమానుల బాధ్యత.